సొంత కారు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ మనమే నేర్చుకోవచ్చా, దాని జోలికి పోకూడదా?

గంటస్తంభం (విజయనగరం):
నాది 2014 స్విఫ్ట్ డీజిల్. 1248 సీసీ, 75 హార్స్‌పవర్ ఇంజిన్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, బండికి వంక పెట్టలేను. కానీ 2000 ఆర్పీఎం లోపు కదలనంటుంది. కొత్తవలస వైపు గేట్ల దగ్గర ఆగి బయలుదేరినప్పుడల్లా వెనక ఆటోవాడు హారన్ కొడతాడు. విశాఖలో ఒక షాపులో అడిగితే రీమ్యాప్ (ఈసీయూలోని అంకెలు మార్చి రాయడం) చేసేస్తాం, సాయంత్రానికి బండి ఇచ్చేస్తాం అన్నారు. ఏం మారుస్తారంటే 'స్టేజ్ వన్' అంటారు తప్ప ఇంకో ముక్క చెప్పరు. నా బండిలో ఉన్న ఒరిజినల్ ఫైలు కాపీ ఇమ్మంటే అదీ కుదరదట. ఏం మార్చారో నాకే తెలియనప్పుడు డబ్బెందుకు ఇవ్వాలి? నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను, ఈ పని నేనే నేర్చుకుందామనుకుంటున్నాను. మా బావేమో 'ఫోన్ ఫార్మాట్ కొట్టినట్టు అనుకుంటున్నావేటి' అని నవ్వుతున్నాడు. మీరేమంటారు?

సాలూరు షెడ్డు:
మీ బావ కరెక్టుగా చెప్పాడు గురూ. కార్బరేటర్ రోజుల్లో మేమూ చెవితో విని స్క్రూ తిప్పి సెట్ చేసినవాళ్లమే. తేడా వస్తే స్క్రూ వెనక్కి తిప్పితే సరిపోయేది. ఇది అలాంటిది కాదు. మా షెడ్డుకి ఒక పికప్ వచ్చింది, ఎక్కడో రీమ్యాప్ చేయించుకున్నాడు. ఖాళీగా ఉంటే గుర్రంలా పోయేది. లోడు వేసి సుంకి ఘాట్ ఎక్కితే వెనకాల బండి కనపడనంత పొగ. క్లచ్ ప్లేటు జారిపోయింది. కొత్తది వేశాం, అదీ జారింది. టర్బో (ఇంజిన్‌లోకి గాలి నెట్టేది) పైపు విప్పి ఫ్యాన్ వేలితో పట్టుకుని కదిపితే టకటకా ఆడుతోంది, పైపు నిండా ఆయిలు. డబ్బు తీసుకుని పని చేసేవాడి చేతిలోనే ఇలా అయితే, నేర్చుకునేవాడి చేతిలో ఏమవుతుంది?

పలాస జీడిపప్పు:
ఘాట్ ఎక్కని వాళ్లకి ఏ బాధా లేదన్నమాట 😀 మా వైపు ఎన్‌హెచ్ 16 అద్దంలా ఉంది. నేనైతే చేసేస్తాను.

టెక్కలి టు చెన్నై:
నేను ఇంజిన్ కాలిబ్రేషన్ (ఈసీయూలో అంకెలు సర్దే) పనిలోనే ఉన్నాను. ఇద్దరితోనూ కొంచెం విభేదిస్తాను.

ముందు లోపల ఏం జరుగుతుందో చూడండి. మీరు యాక్సిలరేటర్ నొక్కితే డీజిల్ నేరుగా పెరగదు. ఎంత నొక్కారు, ఇంజిన్ ఎంత తిరుగుతోంది అన్న రెండూ చూసి ఈసీయూ ఒక టార్క్ (తిప్పే బలం) లెక్క వేస్తుంది. ఆ టార్క్‌కి ఒక్కో స్ట్రోక్‌కి ఎంత డీజిల్ కావాలో ఇంకో టేబుల్ చెబుతుంది. ఆ అంకె స్మోక్ లిమిటర్ అనే టేబుల్ దాటి రావాలి. లోపలికి వచ్చిన గాలి ఇంత కాబట్టి డీజిల్ ఇంతకు మించి వద్దు అని ఆపేది అదే. ఆ తర్వాతే రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు డీజిల్ అందే ఒత్తిడి), ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయం వస్తాయి. పొగ కక్కే రీమ్యాప్‌లలో చాలావాటిలో జరిగేది ఏమిటంటే, డీజిల్ టేబుల్ పెంచి, అడ్డొచ్చిన స్మోక్ లిమిటర్‌ని కూడా పైకి తోసేస్తారు. సాలూరు అన్న చూసిన పికప్ కూడా అలాంటిదే అయ్యుండొచ్చు. కాలని డీజిల్ పొగ అవుతుంది. కాలింది ఎగ్జాస్ట్ వేడి పెంచుతుంది. ఆ దెబ్బ టర్బో మీద పడుతుంది.

ఇక గంటస్తంభం గారి అసలు సమస్య. ఆ 75 హార్స్‌పవర్ ఇంజిన్‌ది ఫిక్స్‌డ్ జామెట్రీ టర్బో, అంటే వేగాన్ని బట్టి సర్దుకోలేనిది. అదే ఇంజిన్ 90 హార్స్‌పవర్ రకానికి వేన్లు (లోపలి రెక్కలు) కదిలే టర్బో ఉంటుంది. మీ దానిలో 1500 ఆర్పీఎం దగ్గర టర్బో గాలి పంపే స్థితిలోనే ఉండదు. గాలి లేని చోట ఏ టేబుల్ మార్చినా వచ్చేది పొగే. షాపువాడు చేసినా, మీరు చేసినా, నేను చేసినా అంతే. రీమ్యాప్ రుచి తెలిసేది 2000 దాటాకే. అంటే మీరు అడుగుతున్నది ఒకటి, కొనబోయేది ఇంకొకటి.

నేర్చుకోవద్దని మాత్రం అనను. రాయడం కాదు, ముందు చదవడం నేర్చుకోండి. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకి (ఈసీయూ అంకెలు చదివే సాకెట్) ఒక ఈఎల్‌ఎం 327 బ్లూటూత్ డాంగిల్ పెట్టి ఫోన్లో మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి), రైల్ ప్రెషర్, గాలి కొలత రికార్డు చేయండి. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతూ చూస్తే బయటి గాలి ఒత్తిడి 100 కిలోపాస్కల్ దగ్గర నుంచి 90 దగ్గరకు దిగడం కనబడుతుంది. దానికి తగ్గట్టు ఈసీయూ ఏమేం సర్దుకుంటోందో గమనిస్తే సగం చదువు అక్కడే అయిపోతుంది.

పాలిటెక్నిక్ మాస్టారు (శ్రీకాకుళం):
టెక్కలి అబ్బాయి బాగా చెప్పాడు. ఒకటి కలుపుతాను. చిప్ ట్యూనింగ్ అన్న పేరు వచ్చింది 80లు, 90ల నాటి కార్ల నుంచి. అప్పుడు ప్రోగ్రాం ఈప్రామ్ (చెరిపి మళ్లీ రాయగల మెమరీ) చిప్‌లో ఉండేది. చిప్ ఊడదీసి, పైనున్న గాజు కిటికీలోంచి అల్ట్రావయొలెట్ లైటు వేసి చెరిపి, కొత్త ఫైలు రాసి మళ్లీ గుచ్చేవారు. పాడైతే పాత చిప్ పెట్టేసుకోవచ్చు. మన దగ్గర ఆ కాలంలో ఉన్నవి ఎక్కువగా కార్బరేటర్ బండ్లే. మనం స్క్రూ డ్రైవర్ నుంచి ఒకేసారి ల్యాప్‌టాప్ మీదికి దూకాం. చిప్ చేత్తో పట్టుకుని నేర్చుకున్న తరం ఇక్కడ లేదు. షాపువాళ్ల గోప్యత అందుకే చెల్లుతోందని నా అభిప్రాయం.

నేర్చుకోవాలంటే సొంత బండి మీదే ఎందుకు? పాత సామాన్ల కొట్లో అదే మోడల్ ఈసీయూ ఒకటి కొని, బల్ల మీద 12 వోల్టుల సప్లై ఇచ్చి చదవండి. లేదంటే స్పీడ్యూనో ఉంది, ఆర్డ్యూనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్స్ ఈసీయూ. అది పెట్రోల్ ఇంజిన్లకే, కానీ టేబుల్ అంటే ఏమిటో, ఒక గడి మారితే ఇంజెక్టర్ పల్స్ ఎలా మారుతుందో కళ్లారా కనబడుతుంది.

సాలూరు షెడ్డు:
మాస్టారూ, బల్ల మీద ఈసీయూకి టర్బో ఉండదు, పిస్టన్ ఉండదు. అది కాలదు, మాడదు. అక్కడ పాసైనవాడు బండి మీద ఫెయిలవుతాడు.

టెక్కలి టు చెన్నై:
నిజమే అన్నా. కానీ బండి చచ్చిపోయే మొదటి ప్రమాదం మ్యాప్‌లోని అంకెల వల్ల కాదు, రాసేటప్పుడు వస్తుంది. ఫ్లాష్ (ఈసీయూ మెమరీ) రాస్తుండగా బ్యాటరీ వోల్టేజీ పడిపోయినా, కేబుల్ కదిలినా ఆ ఈసీయూ ఇక స్టార్ట్ ఇవ్వకపోవచ్చు. డబ్బా విప్పి బోర్డు మీదికి పోవాల్సి రావచ్చు. చెక్‌సమ్ (ఫైలు సరిగ్గా ఉందో లేదో తేల్చే అంకె) సరిచేయకుండా రాసినా అదే గతి పట్టొచ్చు. అలాంటివి బల్ల మీదే జరగనివ్వాలి. ఇదంతా పాత బీఎస్ 4 పొగ నిబంధనల నాటి బండ్ల మాట. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 బండ్లలో చాలావాటికి కంపెనీ డిజిటల్ సంతకం సరిపోని ఫైలుని ఈసీయూ ఒప్పుకోదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు వాటి జోలికి పోవద్దు.

వంశధార ఒడ్డు (నరసన్నపేట):
ఇంజిన్ పాడవుతుందా లేదా అనే అందరూ మాట్లాడుతున్నారు. అది మీ డబ్బు, మీ ఇష్టం. మీ వెనక బైకు మీద పిల్లని కూర్చోబెట్టుకుని వచ్చేవాళ్ల సంగతేంటి?

చట్టం కూడా చూడండి. ఆర్సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. 2019 సవరణలో వచ్చిన 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5000 జరిమానా, లేదా రెండూ. చిప్‌లో అంకె మారిస్తే దీని కిందికి వస్తుందా అని లాయర్లు వాదించుకోవచ్చు. ఈజీఆర్ (ఎగ్జాస్ట్‌లో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు) మూసేయడం, డీపీఎఫ్ (మసి పట్టే ఫిల్టర్) తీసేయడం మాత్రం వాదనకి నిలబడవు, పొల్యూషన్ నిబంధనలు ఉన్నాయి. ఇన్సూరెన్స్‌వాళ్లకి చెప్పకుండా మారిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టడానికి వాళ్లకి ఒక కారణం ఇచ్చినట్టే.

పలాస జీడిపప్పు:
ఎవడు పట్టుకుంటాడు సార్? పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలాగూ వచ్చేస్తుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ల్యాప్‌టాప్ తెచ్చి చూస్తాడా?

వంశధార ఒడ్డు:
అదే కదా బాధ. డీజిల్ బండికి మన పొల్యూషన్ టెస్టులో చూసేది పొగ చిక్కదనం ఒక్కటే. నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవరు. ఈజీఆర్ మూస్తే పెరిగేవి అవే, కంటికి కనబడవు కూడా. ఫోక్స్‌వాగన్ 2015లో దొరికిపోయింది ఇందుకే. టెస్టులో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టింది. ప్రపంచం మొత్తం మీద దాదాపు కోటి పది లక్షల బండ్లు. మీరు ఇంట్లో కూర్చుని చేస్తే అది హాబీ, వాళ్లు చేస్తే మోసమా?

పాలిటెక్నిక్ మాస్టారు:
ఫోక్స్‌వాగన్ కథ రెండు వైపులా పనికొస్తుంది బాబూ. కంపెనీ తాళం వేసి లోపల ఏముందో చూడనివ్వకపోతే ఏమవుతుందో కూడా అదే చెబుతోంది. సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో సొంత వాహనం సాఫ్ట్‌వేర్‌ని రిపేరు కోసం, చట్టబద్ధమైన మార్పుల కోసం తెరవడానికి కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఇచ్చారు. పొగ నిబంధనలు మాత్రం అలాగే ఉంచారు. తెరిచి చూసే హక్కు వేరు, ఏదైనా చేసే హక్కు వేరు.

గంటస్తంభం:
అందరికీ థాంక్స్. డాంగిల్ పెట్టి చూశాను. 1500 దగ్గర ఫుల్‌గా నొక్కినా మానిఫోల్డ్ ప్రెషర్ 110 కిలోపాస్కల్ దాటలేదు. 2000 దాటాక కూడా మెల్లగానే ఎక్కుతోంది. ఇది మామూలేనా? ఈజీఆర్ జోలికి పోనని మాట ఇస్తున్నాను. ఈసీయూ చదవడం మాత్రం ఆపను, పాతది ఒకటి వెతుకుతున్నాను.

టెక్కలి టు చెన్నై:
1500 దగ్గర అది వింతేం కాదు. 2000 పైన మెల్లగా ఎక్కుతుంటే మాత్రం ట్యూనింగ్ పక్కన పెట్టి గాలి ఎక్కడైనా లీకవుతోందేమో చూపించండి. లీకున్న బండికి మ్యాప్ రాస్తే తప్పుడు అంకెల మీద లెక్క కట్టినట్టే.

సాలూరు షెడ్డు:
ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) పైపు క్లిప్పుల దగ్గర చెయ్యి పెట్టి తడుము. నూనె తడి తగిలితే అక్కడే లీకు. ఎయిర్ ఫిల్టర్ కూడా ఎప్పుడు మార్చావో చూసుకో. నా దగ్గర తడిసి పోయిన స్విఫ్ట్ ఈసీయూ ఒకటి పడి ఉంది, చదవడానికి పనికొస్తుందేమో వచ్చి పట్టుకెళ్లు, డబ్బులేం వద్దు. రాసే రోజు మాత్రం నా షెడ్డు ముందు బండి ఆపకు గురూ, ముందే చెబుతున్నా.