అప్‌డేట్: ఒకే ల్యాప్‌టాప్‌తో భిన్నాల ఆట

ఉరవకొండ దగ్గరి మా పల్లె బడిలో ఆరో తరగతి పిల్లలు భిన్నాలను కూడేటప్పుడు లవాలను లవాలతో, హారాలను హారాలతో కలిపేస్తున్నారని, ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌లో ఆటల ద్వారా దీన్ని సరిదిద్దవచ్చా అని జూన్‌లో మిమ్మల్ని అడిగాను. మీలో కొందరు సూచించిన ఫెట్ సిమ్యులేషన్లను, అంటే 2002లో భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన, కంప్యూటర్ తెర మీద చేసి చూసే ఉచిత ప్రయోగాలను, అనంతపురంలో డౌన్‌లోడ్ చేసుకొని నెట్ లేకుండానే నడిపాను. నలుగురు చొప్పున తెర ముందు కూర్చుంటే, మిగిలినవారు 12 గళ్ల కాగితపు పట్టీలపై వేరుశనగ గింజలు పేర్చారు.

1/2కు 1/3 కలిపితే 2/5 అని రాసే ఒక అమ్మాయి, పట్టీలో సగానికి ఆరు గింజలు, ఆ పక్కన మూడో వంతుకు నాలుగు పేర్చి, పది గళ్లు నిండాక, "సార్, రెండు బై ఐదంటే సగం కన్నా తక్కువ కదా, కలిపితే తగ్గుతుందా?" అని తానే అడిగింది. పిల్లల నోట ఆ ప్రశ్న వినాలని నేను రెండేళ్లుగా ఎదురుచూశాను.

తెర మీద తప్పు వచ్చినా పిల్లలు ఆలోచించకుండా మరో భిన్నపు ముక్క పెట్టి చూస్తున్నారు. గింజల దగ్గర మాత్రం ఆగి లెక్కించక తప్పదు. అందుకే ఇకపై ముందు గింజలు, తర్వాతే తెర. 1/5 వంటివి వచ్చినప్పుడు 12 గళ్లు కుదరవు కాబట్టి, ఇప్పుడు 30 గళ్ల పట్టీలు గీయిస్తున్నాను.