పనస చెక్క గిటారుకు ఏ పారదర్శక పూత మేలు?

విజయవాడలో తెలిసిన వడ్రంగి చేత ఎలక్ట్రిక్ గిటారు చేయించుకుంటున్నాను. నూజివీడు వీణలకు వాడే పనస చెక్కతోనే, దాదాపు 45 మిల్లీమీటర్ల మందంతో బాడీ ఉండాలని నా కోరిక; చిత్రిక పట్టగానే బయటపడిన ఆ నిండు పసుపు రంగు, దానిలో మెరిసే గీతలు రంగు కింద దాగిపోకూడదు. వెలుతురు తగిలేకొద్దీ ఆ పసుపు గోధుమ రంగుకు తిరుగుతుంది కనుక, ఆ మార్పును కొంతైనా నెమ్మదింపజేసే పూత ఉంటే చెప్పగలరు. నైట్రోసెల్యులోజ్ లాకర్ (త్వరగా ఆరే ఒక రకం పారదర్శక వార్నిష్) పలుచగా, అందంగా నిలుస్తుంది గానీ, గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు స్ప్రే చేస్తే తెల్లబారుతుంది. పాలీయురేథేన్ (ప్లాస్టిక్ లాంటి పూత) గట్టిదే, అయితే గీత పడితే సరిచేయడం కష్టం. మెడకు టేకు అనుకుంటున్నాను. దానిలోని సహజమైన నూనె పూతను పట్టనివ్వదు కాబట్టి, ముందుగా లక్క పాలిష్ ఒక పొర వేస్తే సరిపోతుందా? పనసతో గిటారు చేసినవారు బరువు గురించి కూడా దయచేసి తెలుపగలరు.