అప్‌డేట్: ఇంజన్ బేలో హోస్ పైపులు, క్లిప్పులు మార్చాను

నా పాత మారుతి 800 కారు ఇంజన్ బేలో (బానెట్ కింద ఇంజన్ ఉండే చోట) తెల్లబారిన రబ్బరు పైపులూ వాటిని బిగించే తుప్పు పట్టిన క్లిప్పులూ చూడముచ్చటగా కనబడాలంటే ఏం చేయాలని గత నెల అడిగాను. రంగు సిలికాన్ పైపులు వేయమన్న సలహా నచ్చి సికింద్రాబాద్‌లో విడిభాగాలు అమ్మే రాణీగంజ్ వెళ్లాను గానీ, మామూలు సిలికాన్ పెట్రోలుకు పనికిరాదని తెలిసి, వాటిని రేడియేటర్ వరకే వాడి, ఇంధనానికి దానికోసమే చేసిన నల్ల రబ్బరు పైపులనే కొత్తవి వేయించాను. సిలికాన్ పైపుల్లోనూ నీలం కొనలేదు, నలుపే ఎంచుకున్నాను, నా కంటికి అదే హుందాగా తోచింది.

అసలు పాఠం నేర్పింది క్లిప్పులే. గాట్లున్న మామూలు క్లిప్పు బిగిస్తే మెత్తటి సిలికాన్ ఆ సందుల్లోంచి పైకి ఉబికి, గోటితో గీరినట్టు తెగింది. అందుకే లోపలివైపు నునుపుగా ఉండే స్టెయిన్‌లెస్ క్లిప్పులు తెచ్చి, స్క్రూ తలలన్నీ ఒకే వైపు తిరిగేలా అమర్చాను. మర్నాడు ఉదయం రేడియేటర్ కింది పైపు దగ్గర కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) చుక్క కనబడింది. చల్లారిన ఇంజన్ మీద అరచుట్టు బిగించాక మళ్లీ కారలేదు.