హెల్మెట్‌లో వాయిస్ రికార్డ్ చేస్తే గాలి హోరే వస్తోంది, మైక్ ఎక్కడ పెట్టాలి?

బండి మీద దూరం వెళ్లినప్పుడు దారిలో చూసినవి ఫోన్‌లో చెప్పుకుంటూ పోయి, ఇంటికొచ్చాక విని రాసుకుంటాను (రాత్రికి లాడ్జిలో రాద్దామంటే సగం గుర్తుండవు). మొన్న విజయవాడ నుంచి గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాను. దోర్నాల దాటాక ఘాట్‌లో 30, 40 స్పీడులో చెప్పిందంతా, కోతుల గోలతో సహా, చక్కగా రికార్డయింది. అదే నరసరావుపేట రోడ్డు మీద 60 దాటిన దగ్గర్నుంచి ఒకటే హోరు, మధ్యలో "మిరప కల్లాలు... ఎర్రగా..." తప్ప ఒక్క ముక్క అర్థం కాదు.

ఫుల్ ఫేస్ హెల్మెట్, ఫోన్ జాకెట్ లోపలి జేబులో, వైరున్న కాలర్ మైక్ గడ్డం దగ్గర. మైక్‌కి స్పాంజి తొడిగాను, గడ్డం దగ్గరి గాలి రంధ్రం మూసేశాను, ఏం తేడా లేదు. మైక్‌ని హెల్మెట్ చెంప ప్యాడ్ లోపలికి తోస్తే హోరు కాస్త తగ్గింది గానీ గొంతు ముద్దగా అయిపోయింది. నాయిస్ తగ్గించే యాప్ అయితే హోరుతో పాటు మాటల్నీ మింగేసింది. ఆగి చెప్పొచ్చు కదా అంటారేమో, ప్రతిదానికీ ఆగుతూ పోతే శ్రీశైలం ఎప్పటికి చేరేది!

70 స్పీడులో కూడా మాట స్పష్టంగా రావాలంటే మైక్ హెల్మెట్‌లో సరిగ్గా ఎక్కడ పెట్టాలి, దాని మీద ఏం తొడగాలి?