ఆండ్రాయిడ్‌లో దిద్దిన మెసేజ్ ఐఫోన్‌లో రెండుసార్లు కనిపిస్తోంది, ఎందుకు?

తప్పొప్పుల_పట్టిక (ప్రశ్న)

నాది ఆండ్రాయిడ్, యాప్ గూగుల్ మెసేజెస్. అవతలిది ఐఫోన్, ఐఓఎస్ 18. వాట్సాప్ లాంటివేవీ వాడని మనిషి, కాబట్టి మా మధ్య మామూలు మెసేజ్‌లే.

"రేపు సాయంత్రం 6 గంటలకు రండి" అని పంపి, వెంటనే 6ని 7 చేశాను. నా వైపు చక్కగా మారింది, కింద ఎడిటెడ్ అని కూడా పడింది. అవతల మాత్రం 6 గంటల మెసేజ్ చెక్కుచెదరలేదు. దాని కింద "* రేపు సాయంత్రం 7 గంటలకు రండి" అని కొత్తది దిగింది. ఏది సరైనదో తెలీక ఫోన్ చేసి అడిగారు.

పైగా ఆ ఐఫోన్ నుంచి నాకు వచ్చిన మెసేజ్‌లని వాళ్లు అసలు దిద్దలేకపోతున్నారు. నొక్కిపడితే ఎడిట్ అన్న మాటే రాదు. అదే ఫోన్ నుంచి ఇంకో ఐఫోన్‌కి పంపినవాటికి వస్తుంది. ఒక్కోసారి నాకు కూడా పెన్సిల్ గుర్తు మాయమవుతోంది. ఎవరి వైపు ఏ సెట్టింగ్ మార్చాలి?

రెండు_టిక్కులు

సెట్టింగ్ తప్పేమీ లేదండి. మీరు దిద్దింది అక్కడికి చేరింది, కాకపోతే అది దిద్దుబాటు అని గుర్తుపట్టడం అవతలి యాప్‌కి రాదు.

మీ మధ్య నడిచేది ఆర్‌సీఎస్, అంటే ఎస్సెమ్మెస్ తర్వాత వచ్చిన, డేటా మీద వెళ్లే మెసేజింగ్. అందులో పంపిన మెసేజ్ దగ్గరికి వెళ్లి అక్షరాలు మార్చడం అనేది జరగదు. ఎడిట్ అంటే లోపల జరిగేది ఇంకో మెసేజ్ పంపడమే. ప్రతి ఆర్‌సీఎస్ మెసేజ్‌కీ ఒక ఐడీ ఉంటుంది. మీరు దిద్దగానే మీ యాప్ "ఫలానా ఐడీ ఉన్నదాని బదులు ఇది చూపించు" అనే సూచనతో కొత్త మెసేజ్ పంపుతుంది. ఆ సూచన తెలిసిన యాప్ పాతదాన్ని దాచి కొత్తది అదే బుడగలో పెడుతుంది. తెలియని యాప్‌కి అది మామూలు మెసేజే, వచ్చింది వచ్చినట్టు కింద చూపిస్తుంది. ముందున్న నక్షత్రం గుర్తు గూగుల్ మెసేజెస్ పెట్టేదే, "పైన రాసినదానికి సవరణ" అని మనిషికి తెలియాలని. అందులో రాతంతా మళ్లీ వస్తుంది, మారిన మాట ఒక్కటే రాదు. కాబట్టి మీ విషయంలో కింద ఉన్నదే సరైనది.

ఐఫోన్‌కి ఎందుకు రాదంటే: ఆర్‌సీఎస్‌కి జీఎస్‌ఎంఏ అనే సంస్థ ప్రచురించే యూనివర్సల్ ప్రొఫైల్ అని ఒక నియమావళి ఉంది. పంపినదాన్ని దిద్దడం అందులోకి 2024లో, 2.7 వెర్షన్‌తో వచ్చింది. అదే ఏడాది ఐఓఎస్ 18తో ఐఫోన్‌లోకి వచ్చిన ఆర్‌సీఎస్ పాత 2.4 మీద కట్టింది. టైపింగ్ చుక్కలు, చదివినట్టు గుర్తు, పెద్ద ఫొటోలు అన్నీ అందులో ఉన్నాయి, ఎడిట్ లేదు. అందుకే వాళ్లకి ఆ మెనూలో ఎడిట్ రాదు, మీరు పంపిన దిద్దుబాటు అర్థమూ కాదు. రెండు సమస్యలకీ కారణం ఒకటే.

ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి వెళ్లేది ఆర్‌సీఎస్ కాదు, ఐమెసేజ్. ఆ దారే వేరు. ఐఓఎస్ 16 నుంచి అందులో 15 నిమిషాల లోపు 5 సార్లు దిద్దుకోవచ్చు: బుడగని నొక్కిపట్టి, ఎడిట్ నొక్కి, మార్చి, పక్కనున్న టిక్ నొక్కడమే. అక్కడ కూడా అవతలి ఐఫోన్ ఐఓఎస్ 15లోనే ఆగిపోయి ఉంటే మీకు జరిగినదే జరుగుతుంది. ఒక్కో దిద్దుబాటుకీ "ఎడిటెడ్ టు" అనే మాటతో ఒక్కో కొత్త మెసేజ్ వెళ్తుంది. అయిదుసార్లు దిద్దితే అవతల మొత్తం ఆరు.

ఆకుపచ్చ_బుడగ

ఐఫోన్‌లో ఆర్‌సీఎస్ ఆన్ చేయిస్తే సరిపోతుంది కదా? సెట్టింగ్స్, యాప్స్, మెసేజెస్, అందులో ఆర్‌సీఎస్ మెసేజింగ్.

రెండు_టిక్కులు

అది ఇప్పటికే ఆన్‌లో ఉందండి. లేకపోతే ప్రశ్న అడిగినవారికి పెన్సిలే వచ్చేది కాదు, అవతల నక్షత్రం మెసేజూ దిగేది కాదు. ఆ స్విచ్ దారిని తెరుస్తుంది, ఎడిట్‌ని తేదు.

పెన్సిల్ అప్పుడప్పుడూ మాయమవడం మాత్రం దారి మారడం వల్లే. రాసే పెట్టె చూడండి. గూగుల్ మెసేజెస్‌లో రాయడానికి ముందు అక్కడ లేత అక్షరాల్లో ఆర్‌సీఎస్ అని ఉంటే దిద్దుకోవచ్చు. ఉత్త టెక్స్ట్ మెసేజ్ అనో ఎస్సెమ్మెస్ అనో ఉంటే పంపాక ఇక చేసేదేమీ లేదు. ఐఫోన్‌లో కూడా అదే చోట ఐమెసేజ్, ఆర్‌సీఎస్, ఎస్సెమ్మెస్‌లలో ఏదో ఒకటి కనిపిస్తుంది. బుడగ రంగు చూసి మోసపోకండి, ఐఫోన్‌లో ఆర్‌సీఎస్‌కీ ఎస్సెమ్మెస్‌కీ రెండింటికీ ఆకుపచ్చే.

దారి మారడానికి మామూలుగా ఉండే కారణాలు: అవతలివాళ్ల డేటా ఆగిపోవడం, సిమ్ మార్చడం, లేదా వాళ్ల నెట్‌వర్క్ ఐఫోన్‌లకి ఆర్‌సీఎస్ ఇవ్వకపోవడం. చివరిది తేల్చుకోవాలంటే ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి సిమ్ వివరాల్లో ఐఎంఎస్ స్టేటస్ చూడాలి. అక్కడ ఆర్‌సీఎస్ అన్న మాట లేకపోతే ఆ నెట్‌వర్క్‌లో అది లేనట్టే. మీ వైపు గూగుల్ మెసేజెస్‌లో పైన మీ బొమ్మ నొక్కి, మెసేజెస్ సెట్టింగ్స్, ఆర్‌సీఎస్ చాట్స్. స్టేటస్ కనెక్టెడ్ అని ఉండాలి.

అదే పేజీలో ఇంకో స్విచ్ ఉంటుంది: ఆర్‌సీఎస్‌లో చేరకపోతే దానంతట అదే ఎస్సెమ్మెస్‌గా మళ్లీ పంపమనేది. అది ఆన్‌లో ఉంటే, అవతల డేటా లేనప్పుడు మీ మెసేజ్ చడీచప్పుడు లేకుండా ఎస్సెమ్మెస్ అయిపోతుంది. మీరు దిద్దుదామని నొక్కిపట్టేసరికి పెన్సిల్ ఉండదు. మెసేజ్ ఎలాగైనా చేరాలనుకుంటే ఆన్‌లోనే ఉంచండి, దిద్దుకునే వీలు ముఖ్యమైతే ఆపేయండి. నన్నడిగితే ఉంచడమే మేలు. చేరని మెసేజ్‌ని దిద్దుకుని ఏం లాభం?

నూటనలభై_బైట్లు

ఎస్సెమ్మెస్ ఎందుకు దిద్దలేమో కూడా చెప్పుకుందాం.

ఎస్సెమ్మెస్‌కి మన ఫోన్లలో కనిపించే ఐడీ, వెనక్కి చూపే సూచన ఏవీ లేవు. మీ ఫోన్ దాన్ని నెట్‌వర్క్ వాళ్ల మెసేజ్ సెంటర్‌కి ఇస్తుంది. అవతలి ఫోన్ ఆఫ్‌లో ఉంటే అక్కడ కాసేపు ఆగి, ఆన్ అవగానే వెళ్తుంది. మధ్యలో "ఆపు, మారుస్తా" అనడానికి మన యాప్‌కి దారి లేదు. మీ ఫోన్‌లో డిలీట్ కొడితే పోయేది మీ కాపీ ఒక్కటే.

సరదా విషయం ఏమిటంటే, ఎస్సెమ్మెస్ ప్రమాణంలోనే "పాతదాని స్థానంలో ఇది పెట్టు" అనే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. మొబైల్ ప్రమాణాలు రాసే త్రీజీపీపీ అనే సంస్థ 23.040 పత్రంలో రిప్లేస్ షార్ట్ మెసేజ్ అని 1 నుంచి 7 దాకా రకాలు ఉన్నాయి. ఒకే నంబర్ నుంచి, ఒకే రకం గుర్తుతో రెండోది వస్తే ఫోన్ మొదటిదాన్ని తీసి అక్కడ ఇది పెట్టాలి. కానీ మొదటి మెసేజ్ కూడా ఆ గుర్తుతోనే వెళ్లి ఉండాలి, మనం వాడే యాప్‌లలో ఆ గుర్తు పెట్టే బటనే లేదు. కాబట్టి పుస్తకంలో ఉంది, చేతిలో లేదు.

ఇక చేయగలిగింది సవరణ పంపడమే. అదేదో సరిగ్గా పంపండి. ఉత్త "*7" అని పంపితే పాత మెసేజ్ పైకి జారిపోయాక ఆ ఏడు దేనికో ఎవరికీ తెలీదు. "సవరణ: రేపు సాయంత్రం 7 గంటలకు రండి, 6 కాదు." అని పూర్తి వాక్యం రాయండి. తప్పు అంకె కూడా అందులో ఉండాలి, అప్పుడే ఏది కొట్టేయాలో చదివేవాళ్లకి తెలుస్తుంది.

పొడవు గురించి భయం వద్దు. ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరాలైతే 160. ఒక్క తెలుగు అక్షరం గానీ ఎమోజీ గానీ పడిందా, మెసేజ్ మొత్తం 70కి దిగుతుంది. అంతకు మించితే ముక్కలవుతుంది, ముక్కకి 67. లెక్కలోకి వచ్చేది మన కంటికి కనిపించే అక్షరం కాదు: "స్త్రీ" మనకి ఒకటి, ఫోన్‌కి ఆరు (స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం). పైన రాసిన సవరణ వాక్యం ఆ లెక్కలో 42. ఒక్క ఎస్సెమ్మెస్‌లో హాయిగా పడుతుంది.

తప్పొప్పుల_పట్టిక

ఇప్పుడు అర్థమైంది, ధన్యవాదాలు. దిద్దడం కాకుండా వెనక్కి తీసుకోవడం కుదురుతుందా? అలాగే గ్రూప్‌లో నలుగురు ఐఫోన్, నేనొక్కడినే ఆండ్రాయిడ్. అక్కడ వాళ్లలో వాళ్లు దిద్దుకోగలరా?

రెండు_టిక్కులు

గ్రూప్ సంగతి ముందు: దిద్దుకోలేరు. మీరు ఒక్కరు ఉన్నా ఆ గ్రూప్ ఐమెసేజ్ కాదు, ఆర్‌సీఎస్ గానీ ఎమ్మెమ్మెస్ గానీ అవుతుంది. ఐఫోన్‌వాళ్లందరికీ ఎడిట్ పోతుంది. ఇందులో మీ తప్పేమీ లేదు, వాళ్లు మిమ్మల్నే అంటారనుకోండి.

వెనక్కి తీసుకోవడం ఐమెసేజ్‌లో 2 నిమిషాల లోపే, అన్‌డూ సెండ్ అని. అవతల ఐఓఎస్ 16 కన్నా పాతదైతే మీ వైపు పోతుంది, వాళ్ల వైపు ఉంటుంది. గూగుల్ మెసేజెస్‌లో అందరికీ తీసేసే వీలు ఆర్‌సీఎస్‌కి ఉంది కానీ అదీ అవతలి యాప్‌కి ఆ సూచన తెలిస్తేనే. 2.4 దగ్గరున్న ఐఫోన్‌తో దాన్ని నమ్ముకోవద్దు.

పెన్సిల్_ములుకు

ఫోన్ ఏదైనా ఎడిట్ ఒకేలా పనిచేయాలంటే రెండు వైపులా ఒకే యాప్ ఉండాలి, అంతకన్నా మార్గం లేదు. ఆ మనిషి ఎప్పుడైనా ఒప్పుకుంటే గడువులు ఇవీ: వాట్సాప్‌లో 15 నిమిషాలు (2023 మేలో వచ్చింది), సిగ్నల్ యాప్‌లో 24 గంటలు, ఒక్కో మెసేజ్‌కి 10 సార్ల దాకా. టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌లలో 48 గంటలు.

గడువు కన్నా చూసుకోవాల్సింది పాత రాత ఎవరికి కనిపిస్తుందన్నది. సిగ్నల్‌లోనూ ఐమెసేజ్‌లోనూ ఎడిటెడ్ అన్న మాట నొక్కితే ముందు రాసినవన్నీ వరసగా వస్తాయి. వాట్సాప్, టెలిగ్రామ్‌లలో దిద్దినట్టు గుర్తు ఒక్కటే, పాతది చూపించవు. అంకె తప్పు దిద్దుకోవడానికి ఇది పట్టింపు కాదు. కోపంలో రాసింది దిద్దుకుంటున్నారంటే మాత్రం తెలిసి ఉండాలి.

ఏ యాప్ అయినా నోటిఫికేషన్‌లో ముందే చదివేసినదాన్ని ఎవరూ తీయలేరు. ఆండ్రాయిడ్ 11 నుంచి నోటిఫికేషన్ హిస్టరీ అని ఉంది. అది ఆన్‌లో పెట్టుకున్నవాళ్లకి గత 24 గంటల్లో వచ్చినవి అందులో ఉంటాయి, మీరు దిద్దకముందు రూపంతో సహా.

మీ పరిస్థితిలో, అంటే గూగుల్ మెసేజెస్ నుంచి ఐఫోన్‌కి, తేదీలూ టైములూ డబ్బు లెక్కలూ ఉన్న మెసేజ్‌లకి ఇంకో పద్ధతి ఉంది. పంపే బటన్‌ని నొక్కకుండా నొక్కిపట్టండి, షెడ్యూల్ వస్తుంది. ఓ అయిదు నిమిషాలు ముందుకి పెట్టండి. ఆ లోపు మెసేజ్ మీ ఫోన్‌లోనే ఉంటుంది, కాబట్టి ఎస్సెమ్మెస్ అయినా ఆర్‌సీఎస్ అయినా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, అవతల పడేది ఒక్కటే.

ఆకుపచ్చ_బుడగ

ఐఫోన్‌లో కూడా సెండ్ లేటర్ ఉంది కదా, వాళ్లూ అదే చేయొచ్చు.

పెన్సిల్_ములుకు

ఐఓఎస్ 18లో వచ్చిన ఆ సెండ్ లేటర్ ఐమెసేజ్‌కే. ఆండ్రాయిడ్ మనిషికి రాస్తున్నప్పుడు ప్లస్ గుర్తు నొక్కినా ఆ వరసే కనిపించదు. వాళ్లకి మిగిలింది నోట్స్‌లో రాసుకుని, చదువుకుని, కాపీ చేసి పంపడమే.

తప్పొప్పుల_పట్టిక

షెడ్యూల్ పెట్టి చూశాను, బుడగ పక్కన గడియారం గుర్తు వచ్చింది. మార్చాలంటే ఆ గడియారాన్నే నొక్కాలా?

పెన్సిల్_ములుకు

అవును, దాన్నే. మార్చడం, ఇప్పుడే పంపడం, తీసేయడం మూడూ అక్కడే వస్తాయి. ఆ టైముకి ఫోన్ ఆన్‌లో ఉండి సిగ్నల్ ఉండాలి. పంపేది మీ ఫోనే, సర్వర్ కాదు.