‘అండ్’కి ‘మరియు’ సరిపోతుందా?

పెద్దలకు నమస్కారం. ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో కొత్తగా పరిశోధనలో చేరినవాళ్ల కోసం డేటాబేసుల్లో వ్యాసాలు వెతకడం ఎలాగో తెలుగులో ఒక పేజీ రాస్తున్నాను. వెతికే మాటల్ని కలిపే అండ్, ఆర్, నాట్ దగ్గర ఆగిపోయాను. మరియు, లేదా, కాదు అని రాసి మా ఆడపడుచుకి చూపిస్తే, “మరియు పెడితే ఎక్కువ వస్తాయన్నమాట, అంతే కదా వదినా?” అంది.

తప్పు ఆ పిల్లది కాదు. ఫిషింగ్ హార్బర్‌లో “వంజరం, రొయ్యలు ఇవ్వమ్మా” అంటే సంచి బరువెక్కుతుంది. అదే హుద్‌హుద్ తుపాను గురించి డేటాబేసులో ‘హుద్‌హుద్ అండ్ మత్స్యకారులు’ అని కొడితే ఆ రెండు మాటలూ ఉన్న వ్యాసాలే మిగులుతాయి, సంచి తేలికవుతుంది. పెంచేది ఆర్. అందుకని అండ్‌కి ‘కూడా’, ఆర్‌కి ‘అయినా’ అందామా? హుద్‌హుద్ ఉండాలి, మత్స్యకారులు కూడా ఉండాలి. ఊరి పేరు మాత్రం విశాఖపట్నం అయినా, వైజాగ్ అయినా సరే. బ్రిటిష్ కాలం నాటివి కావాలంటే విజగపటం, వాల్తేరు కూడా చేర్చాలి.

జవాబు: అమ్మా, మీ చివరి వాక్యం మళ్లీ చదవండి. “వాల్తేరు కూడా చేర్చాలి” అన్నారు. ఆ ‘కూడా’ అండ్ కాదు, ఆర్!

నేను: అయ్యో, నిజమే! నా మాటే నన్ను పట్టించింది.

జవాబు: ఒక్క మాట కోసం పట్టుబట్టడం ఎందుకండీ? ‘రెండూ ఉన్నవే’, ‘ఏ ఒక్కటున్నా చాలు’ అని రాయండి. ‘ఉన్నవే’లో చివరి ఏకారం చేసే పని ‘మరియు’ జన్మలో చెయ్యలేదు. ఆర్‌తో కలిపిన ఊరి పేర్లన్నీ బ్రాకెట్లో పెట్టమని కూడా చెప్పండి. లేకపోతే మత్స్యకారుల షరతు ఒక్క పేరుకే అంటుకుని, మిగతావి దానితో పనిలేకుండా వచ్చేస్తాయి.

మరో జవాబు: మరి నాట్ సంగతేటి? హుద్‌హుద్ అన్నది ఒమన్ పెట్టిన పేరు, అరబ్బీలో ఒక పిట్ట. పిట్ట మీది వ్యాసాలు వద్దని ‘నాట్ పిట్ట’ అని కొట్టామనుకోండి. 2014 అక్టోబరు 12న విశాఖలో తీరం దాటిన తుపాను గురించి రాస్తూ, “ఇది ఒక పిట్ట పేరు” అని ఒక్క ముక్క రాసిన మంచి వ్యాసం కూడా పోతుంది. మా అమ్మ బియ్యం గాలించేటప్పుడు అడుగున రాళ్లతోపాటు నాలుగు గింజలూ ఉండిపోయేవి. ఇదీ అంతే.

నేను: భలే చెప్పారు. అయితే ‘కాదు’ కొట్టేశాను. ‘ఆ మాట ఉంటే వద్దు’ అని రాసి, పక్కనే బియ్యం సంగతి పెడుతున్నాను. కానీ ఈ కాలం పిల్లలకి గాలించడం తెలుసంటారా? మా ఆడపడుచుకి కుక్కర్ తెలుసు, అంతే.