పచ్చని మంచా, పచ్చి మంచా?

తెలిమబ్బు: ఒక వాక్యం బుర్రలో తిరుగుతోంది, వదలడం లేదు. అమెరికన్ తత్వవేత్త మార్తా నస్‌బామ్ 1986లో రాసిన ‘ఫ్రెజిలిటీ ఆఫ్ గుడ్‌నెస్’ (మంచితనం ఎంత పెళుసో) పుస్తకంలో మొదట్లోనే వచ్చే ప్రాచీన గ్రీకు కవి పిండార్ పాదం అది, నెమియా ఆటల విజేతల మీద రాసిన గీతాల్లో ఎనిమిదోది. ఒక సభలో ఎవరో పెద్దాయన దాన్ని తెలుగులో చెప్పగా విన్నాను. “మనిషి మంచితనం ద్రాక్షతీగలా పెరుగుతుంది, పచ్... మంచు తాగి, వివేకుల మధ్య, న్యాయపరుల మధ్య, తడి ఆకాశం దాకా”. ఆయన పచ్చని మంచు అన్నారా, పచ్చి మంచు అన్నారా? ఆవిడ ఇంగ్లీషులో గ్రీన్ డ్యూ అనే ఉంది. మంచు పచ్చగా ఎలా ఉంటుంది?

యతిభంగం: పచ్చి. సందేహమే లేదు. గ్రీకు మూలంలో ఉన్నది ‘ఖ్లోరాయిస్ ఎఎర్సాయిస్’, ఖ్లోరోస్ మంచుతో అని. ఖ్లోరోస్ అంటే రంగు తర్వాత, ముందు తడి, తాజాదనం. హోమర్ తేనెనీ ఖ్లోరోస్ అన్నాడు, భయాన్నీ అన్నాడు. యూరిపిడిస్ గ్రీకు నాటకం ‘హెకుబా’లో అకిలీస్ సమాధికి ఖ్లోరోస్ నెత్తురు అర్పించాలంటారు. ఆకుపచ్చ నెత్తురు ఎక్కడుందండీ, అది పచ్చి నెత్తురు. మనకి మాట రెడీగా ఉంది. పైగా నస్‌బామ్ ఆ పుస్తకం ముగించింది సరిగ్గా ‘హెకుబా’ మీద అధ్యాయంతోనే.

కొసరు: ఇంత తర్కం ఎందుకు, చెవితో వినండి సార్. పచ్చి అబద్ధం, పచ్చి మోసం, పచ్చి బూతు. మంచితనానికి పట్టే నీళ్లకి ఎవరైనా ఆ మాట వాడతారా? పచ్చని కాపురం, పచ్చని పందిరి, అలాగే పచ్చని మంచు.

యతిభంగం: పచ్చి పాలు, పచ్చి బాలింత ఏ పాపం చేశాయి మరి?

గడ్డిపరక: ఇద్దరూ సగం సగమే చెప్తున్నారు. పచ్చకామెర్లలో పచ్చ పసుపు, పచ్చగడ్డిలో పచ్చ ఆకుపచ్చ. ఖ్లోరోస్‌ది కూడా అచ్చం ఇదే గొడవ. గ్రీకు కవయిత్రి సాఫో తను గడ్డికన్నా ఖ్లోరోస్ అయిపోయానంటుంది, అక్కడ పాలిపోవడం తప్ప ఇంకో అర్థం కుదరదు. క్లోరిన్‌కి ఆ పేరు పెట్టింది కూడా దాని రంగు చూసే. పచ్చ, పచ్చి, పసుపు, పసి, పసరు, పైరు అన్నీ ఒకే ధాతువు పిల్లలు. కాబట్టి ‘ని’ అన్నా ‘చ్చి’ అన్నా గ్రీకు చెడదు.

వరూధినీ వకీలు: పసరు అన్నారు కాబట్టి ఆగలేకపోతున్నా. మంచుకి పసరు కరిగితే మంచితనం ఏమవుతుందో పెద్దన మనుచరిత్రలో ఎప్పుడో రాసిపెట్టాడు. ప్రవరుడి నిష్ఠ అంతా అరుణాస్పదంలో, అగ్నిహోత్రం పక్కన. హిమాలయం మీద కాలి పసరు కరిగిందంతే, ఇంటికి దారి లేదు, ఎదురుగా వరూధిని. ఆయన తప్పు ఎంత, మంచు తప్పు ఎంత? మంచితనం ఎంత మన చేతిలో, ఎంత బయటి అదృష్టం చేతిలో, నస్‌బామ్ పుస్తకం మొత్తం ఈ ప్రశ్నే. పిండార్ ‘తడి ఆకాశం’ చదివినప్పుడల్లా నాకు ‘అంబరచుంబి’ పద్యమే వినిపిస్తుంది, ఏంచేయను. అసలు ఆంధ్ర కవితా పితామహుణ్ణి వదిలి...

కొసరు: ప్రవరుడు జారలేదుగా! అగ్నిదేవుణ్ణి తలుచుకుని ఇంటికెళ్లిపోయాడు. మీ ఉదాహరణ మీకే అడ్డం తిరిగింది వకీలుగారూ.

వరూధినీ వకీలు: అగ్నిదేవుడు వచ్చాడు కాబట్టి వెళ్లాడు. రాకపోతే? అది కూడా బయటి సాయమే కదండీ.

దెండ్రెయోన్: అందరూ రంగు దగ్గరే ఆగిపోయారు. అసలు ద్రాక్ష ఎక్కడిది? చాలా ముద్రణల్లో నేను చూసింది ‘దెండ్రెయోన్’, చెట్టు. దాన్ని వైన్ ట్రీ (సారా వైన్ కాదు, ద్రాక్షతీగ vine) అన్నది ఆవిడ, నస్‌బామ్. తెలియక అనలేదు. 1975లో హార్వర్డ్‌లో ప్రొఫెసర్ ఓవెన్ దగ్గర చేసిన పీహెచ్‌డీయే జంతువుల కదలిక మీద అరిస్టాటిల్ రాసిన చిన్న గ్రంథం, 1978లో గ్రీకు పాఠం, అనువాదం, వ్యాఖ్యానం కలిపి వేసింది. అంతకు ముందు వెల్స్‌లీ చదువు మధ్యలో వదిలి నాటకాల్లో వేసిన మనిషి, పాదం నోట్లో ఎలా పలుకుతుందో కూడా చూసుకుంటుంది. జర్మన్ తత్వవేత్త కాంట్‌కి సత్సంకల్పం రత్నం, ఎవరూ చూడకపోయినా తనంతట తాను మెరుస్తుంది. ఆవిడకి కావలసింది నీళ్లు పోయకపోతే ఎండిపోయేది. తీగ అయితే పందిరి కూడా కావాలి, అందుకే తీగ అయ్యుంటుందని నా అనుమానం.

సానికాపు: పాఠాల సంగతి సరే, ఒక మాట మీద మీరంతా ఏమంటారో చూడాలని ఉంది. 1972లో హార్వర్డ్ సొసైటీ ఆఫ్ ఫెలోస్‌లో (ఎంపికైన యువ పరిశోధకుల బృందం) జూనియర్ ఫెలో అయిన మొదటి మహిళ ఈ నస్‌బామే. అప్పుడు ఒక పేరున్న గ్రీకు పండితుడు అభినందిస్తూ చీటీ పంపాడట, ఫెలోకి స్త్రీలింగం ఇబ్బందిగా ఉంది కాబట్టి ‘హెతైరా’ అందాం అని. హెతైరోస్ అంటే సహచరుడు. హెతైరా అంటే మాత్రం చదువుకున్న వేశ్య. మన ‘సాని’ కూడా అంతే కదా, స్వామినిలోంచి వచ్చిన మాట, దొరసానిలో గౌరవం, సానివాడలో ఇంకోటి. తర్వాత అదే యూనివర్సిటీ ఆవిడకి టెన్యూర్ (శాశ్వత ఉద్యోగం) ఇవ్వలేదు. బ్రౌన్ యూనివర్సిటీకి వెళ్లింది, 1995లో చికాగో యూనివర్సిటీలో చేరింది, అక్కడ న్యాయశాస్త్రం వాళ్లకి కూడా గ్రీకు నాటకాలు చెప్పింది.

యతిభంగం: సాని వేరే దారం (థ్రెడ్) సార్. ‘చ్చి’ తేలాక రండి.

పాలమూరు పిల్ల: మంచు రంగు గురించి ఇంత కొట్లాటా! ఆవిడ మా పాలమూరు దిక్కు వచ్చింది తెలుసా మీకు? ఎనభైల్లో హెల్సింకీలో అమర్త్యసేన్‌తో పనిచేసినప్పటి నుంచి అభివృద్ధి, ఆడవాళ్ల హక్కుల మీద రాస్తోంది. 2000లో వచ్చిన ‘విమెన్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్’లో ఉంది. మహబూబ్‌నగర్ బయట ఊళ్లో తిండి చాలని ఆడవాళ్లు, మంచినీళ్లకు నమ్మకం లేదు. ప్రభుత్వ చైతన్య కార్యక్రమం ఒకటి వచ్చేదాకా వాళ్లకి కోపం కూడా లేదట, బతుకంటే ఇంతే అనుకున్నారు. ఆ తర్వాత నీళ్లు కావాలి, కరెంటు కావాలి, ఆరోగ్య కార్యకర్త కావాలి అని నిలదీశారు. ఆశ కూడా ఉన్నదానికి తగ్గట్టు కుంచించుకుపోతుందని ఆవిడ వాదం. పిండార్ చెట్టుకి నీళ్లెవరు పోస్తారని అడిగిన మనిషి మా ఊరికొచ్చి అదే అడిగింది. మంచు పచ్చనో పచ్చో, ముందు పడాలి కదా అన్నా.

కొసరు: బాగా చెప్పావమ్మా. అయినా పచ్చని.

తెలిమబ్బు: మీ అందరికీ నమస్కారం. ఇప్పుడు కొత్త టెన్షన్ పట్టుకుంది. ఆ పెద్దాయన అసలు మంచు అనలేదేమో, తుషారం అన్నట్టు లీలగా గుర్తొస్తోంది.

యతిభంగం: అయ్యో, తుషారమైతే నా ‘పచ్చి’కి కూడా కష్టమే. పచ్చి తుషారం... తెలుగు మాటనీ సంస్కృతం మాటనీ కలపరాని చోట కలిపిన వైరిసమాసం వాసన వస్తోంది.

గడ్డిపరక: తెలుగు విశేషణం ముందుంటే వైరి ఎందుకవుతుందండీ, మిశ్రం అవుతుంది. పచ్చతోరణం అనడం లేదూ?

యతిభంగం: తోరణం ఎన్నాళ్ల నుంచో మనింటి మాట. తుషారం ఇంకా గుమ్మం బయటే ఉంది.

వరూధినీ వకీలు: తుషారం గుమ్మం బయటా?! పెద్దన సంగతి తర్వాత, ముందు నన్నయ నుంచి మొదలుపెడదాం. రాత్రికి రాస్తా, ఎవరూ దారం మూసేయకండి.